ఆవు ఎక్కేంత వాలు

మా అత్తయ్య మావయ్యతో వేరుపడాలని నిర్ణయించుకుంది. పూర్తిగా కాదు, ఒక అంతస్తు మేర.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు, చుట్టుపక్కల రైతులకి రొయ్యల మేత అమ్ముతాడు. గుడివాడలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినప్పటి సంగతి ఇది. కింద భాగమంతా మేత బస్తాలకీ కారుకీ, కాపురమంతా పైన. అదీ ప్లాను. గీసింది నేనే. నేను బందరులో పెరిగి, ఆర్కిటెక్చర్ చదివి, విజయవాడలో ఒక ఆఫీసులో ఊళ్లోవాళ్ల బాత్రూములు ఏ దిక్కున ఉండాలో గీస్తూ ఉంటాను. సొంత మావయ్య ఇల్లు నాకు దొరికిన మొదటి పెద్ద అవకాశం. పెద్ద అవకాశం అంటే జీతం లేనిదని అర్థం.

అత్తయ్యకి మోకాళ్లు అరిగాయి. ఈ వాక్యం మా వాళ్లలో ఎవరూ పైకి అనరు. అత్తయ్య అయితే అసలు అనదు. కాస్త పట్టేసిందంటుంది, చలికంటుంది, నిన్న ఎక్కువసేపు కూర్చున్నానంటుంది. బందరు మా ఇంటికొస్తే మేడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, డాబా మీద బట్టలారేస్తున్న మా అమ్మతో కిందనుంచే కబుర్లు చెబుతుంది. ఆ కబుర్లు మా వీధి మొత్తానికీ తెలుసు.

ప్లాను గీసి తీసుకెళ్లి చూపించిన రోజున ఆవిడ కాగితం మీద మెట్లు గీసిన చోట వేలు పెట్టి కాసేపు ఆగింది. తర్వాత చాలా మామూలుగా, "బాగుందే అమ్మాయ్. మీ మావయ్యని పైన ఉండమను. నేను కింద బస్తాల పక్కన ఒక మంచం వేసుకుంటాను" అంది.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. జోకుల విషయంలో నాకు కొంచెం అనుభవం ఉంది. జోకు వేసినవాళ్లు వేశాక ఎదుటివాళ్ల మొహాలు చూస్తారు. అత్తయ్య ఇంకా ఆ మెట్లే చూస్తోంది.

లిఫ్టు పెట్టిద్దామన్నాను. గాలివాన వచ్చిన ప్రతిసారీ కరెంటు పోయే ఊళ్లో పెట్టెలో ఎక్కి కూర్చోవడానికి నేనేమన్నా సామానా అంది. అయితే మెట్లకి బదులు వాలుగా ఒక దారి వేద్దామని ఇంకో కాగితం గీశాను. దాన్ని చూసి మావయ్య, "ఇదేంటే, ఆస్పత్రా? స్ట్రెచర్లు తోసుకెళ్లాలా?" అన్నాడు. నాకు అది పట్టలేదు. పట్టింది అత్తయ్య మొహం. నన్ను రోగిష్టిదాన్ని చేస్తున్నావా అని అడగలేదు గానీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మిక్సీ కింద పెట్టింది. మిక్సీ ఊగడం మానేసింది. నా చదువుకి మా బంధువర్గంలో దొరికిన మొదటి ప్రయోజనం అదే.

మావయ్య బెంగ వేరు. ఆయనది ఆవు బెంగ.

గృహప్రవేశానికి ముందుగా ఆవు నడవాలి. ఆవు నడిచాకే ఇంటివాళ్లు అడుగుపెట్టాలి. కాపురం పైనైతే ఆవు పైకెలా వస్తుంది? ఆవు మెట్లు ఎక్కదు. ఎక్కినా దిగదు. సిద్ధాంతిగారు సర్దుబాటు చెప్పారు, కింద కారు పెట్టేచోట ఒకసారి తిప్పితే చాలునని. మావయ్యకి మనసొప్పలేదు. బస్తాల మధ్య ఆవు తిరిగితే అది గోడౌన్‌కి గృహప్రవేశం అవుతుంది గానీ ఇంటికెట్టా అవుతుందన్నది ఆయన వాదన. న్యాయమైన వాదనే. నన్ను అడిగితే క్రేను తెప్పిద్దామన్నాను. ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. నేను ఎగతాళి చేశానని అనుకుంటున్నాడనుకున్నాను. క్రేను దొరికే చోటు గురించి ఆలోచిస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఇలా ఒకరికి ఆవు, ఒకరికి మోకాలు, మధ్యలో నేను గీసిన మెట్లు, ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే ఉండగా మేత కంపెనీవాళ్లు టూరు ప్రకటించారు. బాగా అమ్మిన డీలర్లని భార్యాసమేతంగా సియోల్ తీసుకెళ్తారట. మావయ్య నన్నూ వెంట రమ్మన్నాడు, ఇంగ్లీషు వస్తుందని. నాకు ఇంగ్లీషు వచ్చు. సియోల్‌లో ఎదురైన చాలామందికి రాదు. ఆ సంగతి ఇంటి దగ్గర ఎవరికీ చెప్పలేదు.

సియోల్ అందమైన ఊరు. అత్తయ్య దాన్ని బస్సు కిటికీలోంచి చూసింది. రాజభవనానికి మెట్లు. కొండ మీది టవరుకి మెట్లు. భూమిలో దిగే రైలుకి పాతాళం దాకా మెట్లు. ఎక్కడ బస్సు ఆగినా ఆవిడ, మీరెళ్లి రండి, నేను సామాన్లకి కాపలా ఉంటానంటుంది. డ్రైవరు తలుపు తాళం వేసుకునే బస్సుకి, అసలు దొంగతనం అన్నది కనబడని ఊళ్లో, మా అత్తయ్య మూడు రోజులు కాపలా కాసింది. మేం తిరిగొచ్చేసరికి కిటికీ అద్దం మీద ఆవిడ ఊపిరి ఆవిరి పట్టి ఉండేది. ఆ ఆవిరి మీద వేలితో ముగ్గు వేసి ఉండేది. మావయ్య ఆ ముగ్గు చూసి, పక్కన కూర్చునేవాడు.

నాలుగో రోజు పొద్దున మంచు పట్టింది. మన పుష్యమాసంలో చెరువుల మీద పట్టే మంచు లాంటిదే. బస్సు ఎక్కడికో వెళ్తోంది గానీ వెళ్తున్నట్టు లేదు. వీధులే మెల్లగా మా పక్కనుంచి జరిగి వెనక్కిపోతున్నట్టున్నాయి. జెండా పట్టుకున్న గైడమ్మాయి ఇవాళ చూడబోయేది ఒక డిజైన్ కేంద్రమని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. డిజైన్ అంటే చీరల డిజైనా అని ఎవరో అడిగారు. అవునన్నాను. అందరూ వెంటనే లేచి సిద్ధమయ్యారు.

బస్సు ఆగింది. మంచులోంచి ఒక వెండి వస్తువు బయటికొచ్చింది.

బిల్డింగ్ అనడానికి నాకు నోరు రాలేదు. చదువుకునే రోజుల్లో దాని ఫొటోలు చూశాను, పరీక్షలో దాని గురించి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఫొటోలో అది కూర్చుని ఉంటుంది. ఇక్కడ అది కదులుతోంది. ఒక చివర నేలనుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, రోడ్డు మీదుగా వంగి, మళ్లీ మంచులోకి జారిపోయింది. ఒళ్లంతా వెండి రేకులు. ఎక్కడా కోణం లేదు, అంచు లేదు, మొదలు లేదు. పొద్దుటి వెలుగు దాని మీద పడి నిలబడలేక, చెరువులో పట్టిన చేప వీపు మీదినుంచి జారినట్టు జారిపోతోంది. కాసేపు నాకు వీధి చప్పుడు వినబడలేదు.

"రొయ్య," అన్నాడు మావయ్య.

కంపెనీ మేనేజరు అది మేత గుళికలా ఉందన్నాడు. ఎవరు ఏది అమ్ముకుంటే వాళ్లకి అది కనబడింది. నా కల అంతటితో కిందికి దిగింది.

ఆ రేకులు వేలకొద్దీ ఉన్నాయనీ, ఏ రెండూ ఒకలా ఉండవనీ గైడమ్మాయి చెప్పింది. మరి ఒకటి ఊడితే మార్కెట్లో దొరకదుగా అని మావయ్య బాధపడ్డాడు. తర్వాత ఫోనులో దిక్సూచి తెరిచాడు. ఏ కట్టడం చూసినా ఆయన ముందు ఈశాన్యం మూల ఎక్కడుందో చూస్తాడు. అక్కడ నీళ్లుంటే ఇంటివాళ్లు బాగుపడతారు, బరువుంటే పాడవుతారు. చూసి, తలూపి, ఇక వాళ్ల భవిష్యత్తు తనకి తెలిసిపోయినట్టు ముందుకి కదులుతాడు. ఇక్కడ మూలే లేదు. ఫోను పట్టుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.

"మూల లేని కొంపలో లక్ష్మి ఎక్కడుంటదే?"

"తిరుగుతూ ఉంటుందేమో మావయ్యా," అన్నాను.

ఆ మాట ఆయనకి నచ్చలేదు. డబ్బు తిరగడం ఆయనకి అలవాటే గానీ లక్ష్మి తిరగడం ఒప్పుకోడు.

ఇంతలో వెనక్కి చూస్తే అత్తయ్య బస్సు దిగి ఉంది. ఎవరూ దిగమనలేదు. రోడ్డూ ఆవరణా ఒకే మట్టాన ఉండబట్టి దిగిందో, మంచులో సరిగా కనబడక దిగిందో. స్వెట్టరు మీదినుంచి కొంగు భుజం చుట్టూ తిప్పి బొడ్లో దోపుకుంటోంది. పెద్ద పనులకి ముందు ఆవిడ కొంగు అలా దోపుతుంది.

అత్తయ్య పుట్టిల్లు ఘంటసాల. అక్కడ ఇటుకల దిబ్బ ఒకటుంది, గుండ్రంగా, పాత బౌద్ధుల కాలంనాటిది. వాళ్ల నాయనమ్మకి బౌద్ధులెవరో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు. గుండ్రంగా ఉందంటే లోపల ఎవరో ఉన్నారని ఆవిడ నమ్మకం. చుట్టూ తిరక్కుండా దాని పక్కనుంచి పోకూడదు. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో వదిలెయ్యకూడదు, వెనక్కి తిరక్కూడదు. పిల్లలు పొలానికి వెళ్లినా బడికి వెళ్లినా ముందు ఒక చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. ఆవిడ ఊళ్లోని మంచినీళ్ల ట్యాంకుకి కూడా ప్రదక్షిణ చేసేదని మావయ్య అంటాడు. అత్తయ్య దాన్ని ఖండిస్తుంది గానీ గట్టిగా ఖండించదు.

ఆవిడ ఆ వెండి భవనాన్ని ఈ చివరనుంచి ఆ చివర దాకా చూసింది. ద్వారం దగ్గరికి నడిచింది. అద్దాల తలుపు పక్కన చెప్పులు విడిచింది. సాక్సు కూడా తీసి చెప్పుల్లో కుక్కింది. చల్లటి రాతి నేల మీద పసుపు రాసిన పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి, తలుపు చట్రం తాకి కళ్లకద్దుకుని, లోపలికి వెళ్లింది.

నేను ఆపేలోపే ఇంకో డీలరుగారి భార్య విడిచింది. తర్వాత ఇంకొకావిడ. ఒకరు చెప్పులు విడిస్తే అది అలవాటు, నలుగురు విడిస్తే అది గుడి. చూస్తుండగానే రేపటి కాలానికి చెందినదని లోకమంతా చెప్పుకునే ఆ కట్టడం ముందు బాటా చెప్పులూ కొత్త బూట్లూ కుప్పపడ్డాయి. దాని డిజైన్‌లో నాకు కనబడ్డ లోపం ఒక్కటే, చెప్పుల స్టాండు లేదు. గైడమ్మాయి నన్ను చూసింది. మా వైపు ఇది గౌరవం అన్నాను. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, ఒక్క క్షణం తన బూట్ల వైపు చూసుకుంది. తను విడవలేదు గానీ, ఆలోచించింది.

లోపల తెలుపు. గోడ ఎక్కడ ఆగి కప్పు ఎక్కడ మొదలైందో తెలియదు. పాలలో దిగినట్టుంది. వెలుగు ఏ దీపంలోంచి వస్తోందో కనబడదు. మాటలు నోట్లోంచి బయటికొచ్చి కొంచెం దూరం తేలి కరిగిపోతున్నాయి. ఎడమ చేతి వైపు ఒక దారి మెల్లగా వంపు తిరుగుతూ వెళ్తోంది. కుడి చేతి వైపు భవనం నడుము. గర్భగుడి కుడివైపు ఉండేలా తిరగాలి కదా, అత్తయ్యకి అదే కావాలి. నడక మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుడి పేరు తలుచుకుంటోందో తెలియదు. అడిగితే, ఎవరుంటే వాళ్లు అనేది.

ఆవిడ వెనక నేను. నా వెనక మావయ్య, చేతిలో ఫోనుతో. మిగతావాళ్లు కొంతసేపు వచ్చి, పక్కనున్న కొట్ల వైపు వెళ్లిపోయారు. డిజైన్లు అక్కడే ఉన్నాయని వాళ్లకి తెలిసిపోయింది.

గోడ పొడవునా వస్తువులు పెట్టి ఉన్నాయి. నిద్రపోతున్న పిల్లి లాంటి దీపం. పూరేకంత పలచటి గిన్నె. ఒక కుర్చీ ఉంది, దాని మీద కూర్చోకూడదని పక్కన బొమ్మ వేసి ఉంది. అత్తయ్య నడక ఆపకుండానే, కూర్చోనివ్వని కుర్చీ మన పెళ్లిళ్లలో కూడా ఉంటుంది, పెళ్లికొడుకు బావమరిది కాపలా కాస్తాడు అంది. ఆ కేంద్రంలో నేను విన్న వ్యాఖ్యానాల్లో అదే ఉత్తమం.

ఆ తర్వాత నడక ఒక్కటే. ఎంతసేపు నడిచామో నాకు తెలియదు. వంపు తర్వాత వంపు వస్తోంది, ప్రతి వంపూ ముందుదానిలాగే ఉంది, కానీ ముందుది కాదు. చిన్నప్పుడు చలికాలం సెలవులకి బంటుమిల్లి వెళ్తే, తెల్లవారకుండానే మావయ్యతో చెరువు గట్టు మీద నడిచేదాన్ని. ఇటు నీళ్లు, అటు నీళ్లు, మధ్యలో మంచు, మంచులో ఎక్కడో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. గట్టు ఎక్కడ మలుపు తిరుగుతుందో కాళ్లకే తెలియాలి. నడుస్తున్నామా నిలబడ్డామా, ఇంకా నిద్రలోనే ఉన్నామా అని అనుమానం వచ్చేది. ఇన్నేళ్ల తర్వాత, ఇంత దూరంలో, అదే అనుమానం. ముందు అత్తయ్య పట్టీల చప్పుడు ఒక్కటే నిజం. అది ఆగడం లేదు. ఆవిడ ఏ గోడా పట్టుకోలేదు. నా భుజమూ పట్టుకోలేదు. ఈ సంగతి నేను గమనించాను గానీ, కలలో గమనించినట్టు, ఆశ్చర్యపోకుండా.

వెనకనుంచి మావయ్య, లోపల ఇనుము ఎక్కువై ముల్లు నిలవట్లేదని ప్రకటించి దిక్సూచి మూసేశాడు. ఆ నిస్పృహలో బీపీ మాత్ర గుర్తొచ్చింది. ఆగి, నీళ్ల బాటిలు తెరిచాడు. మాత్ర ఒక చేత్తో, మూత ఒక చేత్తో, బాటిలు ఒక చేత్తో పట్టుకోవాలని చూశాడు. చేతులు తగ్గాయి. నీళ్లు ఒలికాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది చదునైన నేల. మా ఊళ్లలో ఎత్తు అంటే కాలవ మీది వంతెన. కొండ అంటే బెజవాడ. అందుకే వాలు కనిపెట్టడానికి మా కళ్లు పనికిరావు. మడికి నీళ్లు పెట్టాలన్నా చెరువు తోడాలన్నా, నీళ్లు వదిలి చూస్తాం. నీరు పల్లమెరుగు అంటారు. మిగతావాళ్లకి అది సామెత. మావయ్యకి అది పనిముట్టు.

ఒలికిన నీళ్లు ఒక్క క్షణం గుండ్రంగా నిలిచాయి. తర్వాత సన్నటి దారంలా సాగి, మేం వచ్చిన వైపు, వెనక్కి, తెల్లటి నేల మీద పాకుతూ వెళ్లడం మొదలుపెట్టాయి. వెళ్తూనే ఉన్నాయి.

మావయ్య గొంతుక్కూర్చున్నాడు. చెరువు గట్టు మీద కూర్చున్నట్టే, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి. ఆ దారం వంపు దాకా వెళ్లేవరకూ చూశాడు.

"వాలుంది," అన్నాడు.

ఖాయం చేసుకోడానికి ఇంకో పరీక్ష కూడా చేశాడు. బాటిలు అడ్డంగా పడుకోబెట్టి వదిలాడు. అది కాసేపు తటపటాయించి, దొర్లుకుంటూ వెళ్లి, వంపు తిరిగి మాయమైంది. నేను కళ్లు మూసుకున్నాను. విదేశాల్లో మన దేశం పరువు ఇలాంటి చోట్లే పోతుంది.

అత్తయ్య అప్పటికి ఆగింది. వెనక్కి తిరగలేదు, నియమం. పక్కకి చూసింది. పక్కన గోడలో ఒక పొడవాటి కిటికీ ఉంది. దానిలోంచి చూస్తే కింద, చాలా కింద, మేం లోపలికొచ్చిన హాలు. మనుషులు గుళికలంత ఉన్నారు. ఇందాకటి గైడమ్మాయి జెండా, మిణుగురులా.

ఆవిడ చెయ్యి మెల్లగా మోకాలి దగ్గరికి వెళ్లింది. దాన్ని ఏదో అడిగినట్టు ఒకసారి తట్టింది.

"ఎక్కామా?" అని అడిగింది నన్ను.

"ఎక్కాం అత్తయ్యా."

"ఎప్పుడు?"

నా నోట్లో ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. నీళ్లన్నీ మావయ్య పారబోశాడు కాబట్టి పొడిగానే మింగాల్సి వచ్చింది.

ఆవిడ ఇంకోసారి ఆ కిటికీలోంచి కిందికి చూసింది. ఆ తర్వాత మావయ్య వైపు తిరక్కుండానే, కిటికీ అద్దంతో మాట్లాడుతున్నట్టు, "ఏవండీ, ఇంత వాలైతే ఆవు కూడా ఎక్కుద్దండీ" అంది.

మావయ్య ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు. నీళ్లు పోయిన దారివైపు చూశాడు. గోడ చూశాడు, కప్పు చూశాడు, అత్తయ్య ఒట్టి పాదాలు చూశాడు. ఆయన మొహంలో ఆవు నడవడం నాకు స్పష్టంగా కనబడింది. ముందు కొమ్ములకి పసుపు రాసుకుని బయల్దేరింది, వంపు దగ్గర కాస్త ఆలోచించింది, మళ్లీ నడిచింది, పైకి చేరింది.

ఇంతలో వంపు చాటునుంచి ఒక పెద్దాయన వచ్చాడు, యూనిఫాంలో. అక్కడి కాపలాదారు. మా బాటిలుని రెండు చేతులతో పట్టుకుని, కొంచెం వంగి, మావయ్యకి అందించాడు. అక్కడ ఏదైనా అలాగే రెండు చేతులతో ఇస్తారు. వెనకే ఒకావిడ తుడుపుకర్రతో వచ్చి, మావయ్య కనిపెట్టిన వాలుని తుడిచేసింది. అత్తయ్య ఆ పెద్దాయన రెండు చేతులూ చూసింది. ఆయన భక్తుడని నిర్ధారణకి వచ్చేసింది. హ్యాండుబ్యాగు తెరిచి, బందరు నుంచి మా అమ్మ కట్టిచ్చిన తొక్కుడు లడ్డు ఒకటి తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్నీ రెండు చేతులతో అందుకుని తల వంచాడు. ప్రదక్షిణ అయ్యాక ప్రసాదం. ఎక్కడా లోటు లేదు.

దారి చివర తలుపు తీస్తే గడ్డి. భవనం వీపు మీద పచ్చగా గడ్డి పెంచారు. మంచు విడుతోంది. ఊరంతా మెల్లగా, నీళ్లు తోడుతున్న చెరువులో అడుగు బయటపడ్డట్టు, ఇంటి తర్వాత ఇల్లు బయటపడుతోంది. అత్తయ్య అక్కడే గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "అచ్చం మన గట్టులాగే ఉందే, కొంగలే లేవు" అంది. మూడు రోజులు కిటికీలోంచి ముక్కలుగా చూసిన ఊరిని ఇప్పుడు ఒక్కసారిగా చూస్తోంది. తొందరేమీ లేనట్టు, ఎడమనుంచి కుడికి.

మావయ్య కొంచెం దూరంగా వెళ్లి, గుడివాడలో అప్పుడే పూజ ముగించిన సిద్ధాంతిగారికి వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. నేను పక్కకి చేరాను. ఇంటికి దక్షిణంనుంచి మొదలుపెట్టి పడమరగా తిరిగి పైకి వచ్చే వాలు దారి ఒకటి వేస్తే ఎలా ఉంటుందని అడుగుతున్నాడు, ఆవు కోసం. అటునుంచి వస్తున్న జవాబులో సగం గాలికి పోయింది గానీ మిగిలిన సగం బాగుంది. దక్షిణం, పడమర బరువు పెరగడం మంచిదే. తిరుగుడు ప్రదక్షిణంగా ఉండటం ఇంకా మంచిది. ఇలాంటి ఆలోచన ఎవరికొచ్చిందని ఆయన అడిగారు. మావయ్య నా వైపు చూసి, అత్తయ్య వైపు చూసి, "నాకే" అన్నాడు.

మిక్సీ కింద ఉన్న కాగితం గుర్తొచ్చింది. గుర్తుచెయ్యలేదు.

దిగేటప్పుడు కూడా నడిచే దిగాం, అదే దారిన. మావయ్య ముందు వెళ్లిపోయాడు, చేతులతో గాలిలో కొలతలు వేసుకుంటూ. నేను అత్తయ్యతో, నిజంగా ఆవు కోసమేనా అని అడిగాను.

"మరి? నాకోసమంటే ఆస్పత్రి అంటారు. ఆవు కోసమంటే గుడంటారు," అంది. కాస్త నడిచాక, "నువ్వు పెద్ద చదువులు చదివావు గానీ, ఎవరికి ఏది ఎవరి పేరు మీద చెప్పాలో నేర్పలేదా మీ కాలేజీలో?" అంది.

నేర్పలేదు. అది సిలబస్‌లో లేదు.

కింద ద్వారం దగ్గర మా చెప్పులు కుప్పగా లేవు. గోడ వారగా వరసగా పేర్చి ఉన్నాయి, జతకి జత, అన్నీ ముందువైపు బయటికి ఉండేలా తిప్పి. బయటికి వచ్చేవాళ్లు కాళ్లు దూర్చి నేరుగా నడిచిపోవచ్చు. ఎవరు పేర్చారో తెలియదు. ఇందాకటి పెద్దాయన దూరంగా నిలబడి పైకప్పు వైపు చూస్తున్నాడు. బుగ్గ మాత్రం ఉబ్బెత్తుగా ఉంది, లడ్డు.

మావయ్య చెప్పులన్నీ ఒకసారి చూశాడు. "ఒక్కటీ పోలేదు. గుడైతే కాదు," అని తేల్చేశాడు.

ఇంటికి వచ్చాక నేను మళ్లీ గీశాను. ఆ దారికి చోటు కావాలంటే గోడౌన్ తగ్గాలి, కారు వీధిలో ఉండాలి. మావయ్య కొన్నాళ్లు సణిగాడు. మేస్త్రీ వచ్చి ఇది దేనికని అడిగితే మాత్రం, ఆవు కోసమని గట్టిగా చెప్పాడు. దారి సిమెంటు పూత ఆరగానే చెంబుతో నీళ్లు తెచ్చి పైనుంచి పోశాడు. నీళ్లతో పాటు తనూ దిగుతూ, మలుపు దగ్గర ఆగి, మళ్లీ దిగి, కింద వీధిలో ఉన్న నా దగ్గరికి వచ్చి, "అక్కడున్నంతే ఉంది" అన్నాడు. అక్కడిది ఆయన ఒక్క బాటిలుతో కొలిచాడు. అయినా నాకు పరీక్షలో వచ్చిన మార్కులకన్నా అదే ఎక్కువ అనిపించింది.

గృహప్రవేశానికి బందరు దగ్గరి గూడూరు నుంచి ఆవుని చిన్న ట్రక్కులో తెచ్చారు. తెల్లటి ఆవు, మెడలో బంతిపూల దండ, మొహంలో ఏ ఉత్సాహమూ లేదు. వాలు మొదట్లో బాగానే నడిచింది. మలుపు దగ్గర ఆగిపోయింది. పురోహితుడుగారు మంత్రం పొడిగించారు. వీడియో తీసే అబ్బాయి వెనక్కి వెనక్కి నడుస్తూ గోడకి కొట్టుకున్నాడు. మావయ్య అరటిపండు చూపించాడు. ఆవు అరటిపండు తినేసి అక్కడే ఉండిపోయింది. ముహూర్తం దాటుతోందని ఎవరో, తొయ్యమని ఎవరో. ఇంత చేసి, ఈ ఆవుకీ మోకాళ్లున్నాయేమోనని నేను మనసులో అనుకున్నాను.

అత్తయ్య జనం మధ్యలోంచి ముందుకొచ్చింది. కొంగు బొడ్లో దోపింది. పలుపుతాడు మావయ్య చేతిలోంచి తీసుకుంది. ఆవుతో ఒక్క మాటా చెప్పలేదు. దాన్ని దాటి ముందుకెళ్లి, వెనక్కి చూడకుండా, తన మామూలు నడకతో పైకి నడవడం మొదలుపెట్టింది. తాడు బిగుసుకోలేదు. ఆవు ఒకసారి ఊపిరి వదిలి, ఆవిడ పసుపు పాదాల వెనకే నడిచింది.

అలా ముందు అత్తయ్య, తర్వాత ఆవు, తర్వాత మావయ్య, తర్వాత ఊరంతా. వరస తప్పిందని పురోహితుడుగారు గొణిగారు. మలుపు దగ్గర ఆవు పేడ వేసింది, అది మహా శుభమన్నారు, వరస సంగతి అందరూ మర్చిపోయారు.

అత్తయ్య మంచం పైనే వేశారు, తూర్పు కిటికీ పక్కన. ఇప్పుడు కూరలబండి వస్తే దిగుతుంది, పక్కింటావిడ పిలిస్తే దిగుతుంది, ఏమీ లేకపోతే బస్తాలు సరిగా పేర్చారో లేదో చూడ్డానికి దిగుతుంది. చెప్పులు ఎప్పుడూ వాలు మొదట్లోనే విడిచి, ఒట్టి కాళ్లతో ఎక్కుతుంది. వచ్చిన ప్రతివాళ్లకీ మావయ్య ఆ దారి చూపించి, ఆవు కోసం కట్టించానని చెబుతాడు. ఆవు ఒక్కసారే ఎక్కింది.

మొన్న నేను వెళ్లేసరికి ఎండ వాలిపోతోంది. పైనుంచి అత్తయ్య పట్టీల చప్పుడు వినబడుతోంది. కింద మావయ్య వంగి, ఆవిడ చెప్పుల్ని ముందువైపు వీధికి ఉండేలా తిప్పి పెడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అడ్డంగా పెట్టిందే," అన్నాడు. "ఆవొస్తే తొక్కుద్ది."